ఒకే తల, మూడు రిపోర్టులు

2023 వేసవి. సూరత్‌లో డిండోలీ దగ్గర ఉన్న ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నేను బయోమెడికల్ ఇంజినీరుగా పనిచేస్తున్నాను. వైద్య పరికరాలు సరిగ్గా కొలుస్తున్నాయో లేదో చూడటం నా ఉద్యోగం. వాటిలో నేను ఎక్కువ కాలం గడిపింది న్యూరాలజీ విభాగంలోని ఈఈజీ యంత్రంతో. ఈఈజీ అంటే తలపై అంటించిన ఎలక్ట్రోడ్ల ద్వారా మెదడు విద్యుత్ సంకేతాలను గీతలుగా నమోదు చేసే పరీక్ష. ముఖ్యంగా మూర్ఛవ్యాధి నిర్ధారణకు వాడతారు. ఆ సంకేతాలను మైక్రోవోల్టులలో, అంటే వోల్టులో పదిలక్షవ వంతులలో లెక్కిస్తాం. అంత చిన్నదాన్ని కొలిచేటప్పుడు కనురెప్ప కదిలినా, దవడ బిగిసినా, గోడలో కరెంటు తీగ ఉన్నా గీత చెడిపోతుంది. మెదడుది కాకుండా గీతలోకి చేరిన ప్రతిదాన్నీ ఆర్టిఫాక్ట్ అంటారు. నా వృత్తిలో సగం పని దాన్ని పసిగట్టడమే.

ఆసుపత్రికి కొంత దూరంలో, నవాగామ్‌లో, సుజాత మెస్ నడుపుతుంది. కరీంనగర్ వైపు నుంచి పవర్‌లూమ్ మగ్గాల పనికి వచ్చిన కుటుంబం. నేను మధ్యాహ్నం అక్కడే తింటాను. ఒకరోజు ఆమె పళ్లెం పెట్టకుండా, చేతిలో ఒక రంగుల కాగితంతో వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"అక్కా, మా మౌనికకు ఏమన్నా రోగమా? నిజం చెప్పుండ్రి."

"ఏమైంది?"

"స్కూలోల్లు తలకాయకు మిషన్ పెట్టిండ్రు. లెక్కల దిక్కు మెదడు పనిచేస్తలేదని రాసిండ్రట. గిట్ల ఉంటే ఫిట్సు గిట్ల వస్తయా?"

కాగితం తీసుకుని చదివాను. ఆకుపచ్చ, గులాబీ రంగులలో మెదడు బొమ్మ. దాని కింద "స్త్రీ తరహా మెదడు అమరిక" అని శీర్షిక. భావోద్వేగ విభాగం చాలా బలం, గణిత విభాగం బలహీనం. భాష, సేవారంగం, గృహాలంకరణ అనుకూలం. గణితం, ఇంజినీరింగ్ సిఫారసు చేయబడవు. మౌనికకు పదో తరగతి గణితంలో తొంభై ఎనిమిది మార్కులు వచ్చిన సంగతి నాకు తెలుసు. ఫలితాలు వచ్చిన రోజు సుజాత మెస్‌లో అందరికీ సేమియా పాయసం పోసింది.

ఆ ప్రైవేటు స్కూలు పదకొండో తరగతిలో గణితం ఉండే ఎ-గ్రూపు సీట్లను ఈ రిపోర్టు ఆధారంగానే ఇస్తోంది. మౌనికను కామర్స్‌కు కేటాయించారు. జాబితా సోమవారం ఖరారవుతుంది. ఎ-గ్రూపు పోతే, ఆ పిల్ల రెండేళ్లుగా చెబుతున్న ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగ్ కూడా పోయినట్టే.

రోగమేమీ లేదని సుజాతకు ముందు నమ్మకం కలిగించి, వంటగది గడపలో నిలబడ్డ మౌనికను పిలిచాను. సూరత్‌లోనే పెరిగిన పిల్ల. మూడు భాషలను ఒకే వాక్యంలో సర్దేస్తుంది.

"మిగతా ఆడపిల్లలకు ఏం రాశారు?"

"సబ్‌కో సేమ్, ఆంటీ. లడ్కాలల్ల దాదాపు అందరికీ ఎ-గ్రూప్. రోహన్‌కు కూడా. వాడికి ట్రిగనామెట్రీ నేనే చెప్పిన."

"ఒక్క అమ్మాయికి కూడా రాలేదా?"

"కృపాకు వచ్చింది. స్విమ్మింగ్ చేస్తది కదా, బాయ్‌కట్. సార్ ఏమన్నడంటే, కృపా ఎక్సెప్షన్ అని."

బాయ్‌కట్ అనే మాట దగ్గర నా ఆలోచన ఆగింది. మౌనిక తలకేసి చూశాను. బిగించి అల్లిన రెండు జడలు. పాపిట నుంచి చెవుల దాకా మెరుస్తున్న కొబ్బరినూనె. మిషన్ ఎలా ఉందని అడిగితే హెయిర్‌బ్యాండ్‌లా ఉందనీ, నుదుటి మీద రెండు, చెవుల పైన రెండు, నడినెత్తిన ఒకటి బొత్తాములు ఉన్నాయనీ చెప్పింది. జెల్ రాయలేదట.

ఇక్కడ కొంత వివరణ అవసరం. ఎలక్ట్రోడ్‌కూ చర్మానికీ మధ్య విద్యుత్తుకు ఎదురయ్యే అడ్డంకిని ఇంపిడెన్స్ అంటారు. అది పెరిగితే మెదడు సంకేతం మరుగునపడి, పరిసరాల కరెంటు రొద గీతలోకి ఎక్కుతుంది. అందుకే మా ల్యాబులో రోగికి ముందురోజే చెబుతాం: తలంటుకోండి, నూనె రాయకండి. ఆపైన వెంట్రుకలను పాయలు తీసి, చర్మాన్ని రుద్ది, పేస్టు పెట్టి, ఇంపిడెన్స్ చూశాకే రికార్డింగ్ మొదలుపెడతాం. స్కూలు ఈ పరీక్షకు పిలిచిన కంపెనీ వాడింది పేస్టు అవసరం లేని డ్రై ఎలక్ట్రోడ్. నున్నటి నుదుటి మీద, నూనె లేని పొట్టి జుట్టు మీద అది బాగానే పనిచేస్తుంది. నూనె పట్టిన ఒత్తైన జుట్టు మీద చర్మాన్ని తాకనే తాకదు. రొదతో నిండిన గీతను సాఫ్ట్‌వేర్ వడగట్టేస్తుంది. మిగిలిన శూన్యానికి "గణిత విభాగం బలహీనం" అని పేరు పెడుతుంది. నుదుటి ఎలక్ట్రోడ్లు పట్టుకున్న రెప్పపాటు "భావోద్వేగ బలం" అవుతుంది. ఇది నా అనుమానం మాత్రమే. పరీక్షించకుండా దాన్ని నిజమనడం నాకు తగదు.

డబ్బు కడితే మళ్లీ పరీక్ష చేస్తామని కాగితం చివర ఉంది. శనివారం పొద్దున మౌనిక రెండుసార్లు షాంపూతో తలంటుకుని, జుట్టు పూర్తిగా ఆరబెట్టుకుని వచ్చింది. తల్లీకూతుళ్లతో నేనూ స్కూలుకు వెళ్లాను. ప్రిన్సిపాల్ గదిలోనే పరీక్ష. కంపెనీ ప్రతినిధి మర్యాదస్తుడు, నవ్వుముఖం, టై కట్టుకున్నాడు. సంభాషణంతా హిందీలో, మధ్యమధ్య గుజరాతీలో సాగింది.

"మీరు ఇంజినీరా, మేడమ్? చూశారా సర్, ఇలాంటి ఎక్సెప్షన్లు ఉంటాయి," అన్నాడు ప్రిన్సిపాల్‌తో. ప్రశంసించాననే అనుకున్నాడు.

నియమాన్ని పగలగొట్టే ప్రతి మనిషినీ ఎక్సెప్షన్ అని పక్కకు నెడితే, ఏ నియమమైనా కలకాలం నిలుస్తుంది. నా వృత్తిలో ఒక థర్మామీటరు ఇలా ప్రవర్తిస్తే దాన్ని చెత్తబుట్టలో వేస్తాం. ఈ మాటే అతనితో అన్నాను. అతను నవ్వి బ్యాండు మౌనిక తలకు తొడిగాడు. జుట్టును పాయలు తీసి ఎలక్ట్రోడ్లను నేను సర్దాను.

రిపోర్టు వచ్చింది. "పురుష తరహా మెదడు అమరిక. గణిత విభాగం చాలా బలం."

"మొదటిసారి అమ్మాయి టెన్షన్ పడి ఉంటుంది," అన్నాడు ప్రతినిధి, ఏమాత్రం తడబడకుండా.

"అభినందనలు. నీది అబ్బాయి బుర్ర," అన్నారు ప్రిన్సిపాల్ మౌనికతో. వయసు మీద పడ్డ మనిషి, దురుద్దేశం లేనివారే. అది నన్ను ఇంకా మండించింది. దురుద్దేశం లేకుండానే ఒక తరగతిలో సగం మంది పిల్లలకు తలుపు మూసేశారు.

"ఆగండి, ఇంకొక్క పరీక్ష," అన్నాను. సుజాతను నూనె సీసా తెమ్మని ముందే చెప్పాను. ఆమె బిడ్డను వరండాలో కూర్చోబెట్టి, రోజూ పొద్దున చేసే పనే చేసింది: పుడిసెడు నూనె, మాడు నుంచి చెవుల దాకా, ఆపైన రెండు జడలు. మళ్లీ అదే బ్యాండు, అదే కుర్చీ. బ్యాండును ఈసారి ప్రతినిధే తన చేత్తో తొడిగాడు.

మూడో రిపోర్టు: "స్త్రీ తరహా." భాష, సేవారంగం, గృహాలంకరణ.

సుజాత హిందీ వెతుక్కోలేదు. నా వైపు తిరిగి తెలుగులోనే అంది.

"అక్కా, జర సారును అడుగుండ్రి. నా బిడ్డ ఇప్పటి సంది ఏ మెదడు పెట్టుకొని బడికి రావాలె? ఆడిదా, మొగదా? నూనె పెట్టాల్నా, వద్దా?"

అనువదించాను, ఒక్క మాట తగ్గించకుండా. ప్రిన్సిపాల్ ముఖం ఎర్రబడింది. ప్రతినిధి మాత్రం అప్పటికే ఫోనులో ఏదో రాసుకుంటున్నాడు.

"మంచి ఫీడ్‌బ్యాక్, మేడమ్. ఇకపై ఆడపిల్లలను తలంటుకుని రమ్మని సూచన పెడతాం. రిపోర్టు ఇంకా కచ్చితంగా వస్తుంది."

నేను అంతదాకా అణచుకున్న కోపం అప్పుడు బయటికి వచ్చింది. "నూనె ఒక్కటే తప్పని నేను అనడం లేదు. మా ఆసుపత్రిలో దీనికి ఎన్నో రెట్లు ఖరీదైన యంత్రం ఉంది. దానితో ఎంత శుభ్రంగా రికార్డింగ్ తీసినా, ఈ పిల్ల గణితం చదవాలో వద్దో ఏ న్యూరాలజిస్టూ చెప్పడు. చెప్పలేడు. అది ఆ పరీక్ష జవాబిచ్చే ప్రశ్న కాదు," అన్నాను.

"అయితే ఆడ, మగ మెదళ్లు రెండూ ఒకటేనంటారా?" అని ప్రిన్సిపాల్ అడిగారు.

కోపంలోనైనా అబద్ధం చెప్పకూడదు కదా. ఉన్నదున్నట్టు చెప్పాను. పెద్ద సమూహాల సగటులు తీస్తే కొన్ని తేడాలు కనిపిస్తాయి. సగటున మగవారి మెదడు పరిమాణంలో కొంత పెద్దది, శరీరమూ అంతే. లోపలి కనెక్షన్ల అమరికలో తేడా ఎంత, అందులో పుట్టుకది ఎంత, పెంపకానిది ఎంత అన్న వాదన ఇంకా తెగలేదు. కానీ రెండు సమూహాలూ చాలా మేరకు ఒకదానిపై ఒకటి కలిసిపోయే ఉంటాయి. సగటు చూసి ఒక మనిషి తెలివిని అంచనా కట్టలేం.

"అంటే తేడా ఉందనేగా," అన్నారాయన, వాదన గెలిచినంత తృప్తిగా. "సరే, అమ్మాయి కోసం రెండో రిపోర్టును ఫైల్లో పెడదాం. ప్రత్యేక మినహాయింపుగా ఎ-గ్రూపు ఇస్తాను."

సుజాత నా మోచేయి పట్టుకుంది. ఒప్పుకొమ్మని ఆ పట్టులోనే తెలిసింది. సోమవారం రెండు రోజుల్లో ఉంది. మంకుపట్టు పడితే సీటు పోవచ్చు. ఒప్పుకోవాలో వద్దో చెప్పే హక్కు నాకు లేదు. పోయేది నా సీటు కాదు.

మౌనిక లేచి నిలబడింది. నూనె కణతల మీదికి కారుతోంది.

"సర్, ఆ రిపోర్టు వద్దు," అంది గుజరాతీలో. "అది పెడితే నాకు లెక్కలు వచ్చేది అబ్బాయి బుర్ర ఉన్నందుకే అని అర్థం. మరి కామర్స్‌లో పడ్డ నా ఫ్రెండ్స్‌కు? తేడా ఉంటే ఉండనీయండి. నాకు లెక్కలు వచ్చా రావా తెలుసుకోవాలంటే నా తలను ఎందుకు కొలుస్తారు? లెక్క ఇవ్వండి, చేస్తాను."

"గింత నోరు ఎప్పుడొచ్చిందే నీకు," అని సుజాత గొణిగింది. కానీ మోచేయి వదిలేసింది.

ప్రిన్సిపాల్ ఆ రోజు ఏమీ చెప్పకుండా మమ్మల్ని పంపించేశారు. ఆదివారం మెస్ తెరవలేదు. తల్లి కూతుర్ని తిట్టిందనీ, తర్వాత ఇద్దరూ కలిసి తరగతిలోని ఆడపిల్లల ఇళ్లకు వెళ్లారనీ నాకు తర్వాత తెలిసింది. కొందరు తలుపు తీయలేదు. ఒక తల్లి, ఏ షాంపూ వాడితే మగ బుర్ర వస్తుందో చెప్పమని నిజంగానే అడిగిందట. కానీ సోమవారం పొద్దున స్కూలు గేటు దగ్గర పిల్లల మార్కుల కాగితాలు పట్టుకుని తల్లులు నిలబడ్డారు. ఇద్దరు ముగ్గురు తండ్రులు లూమ్ షిఫ్టు వదిలి వచ్చారు. కృపా తల్లి కూడా వచ్చింది. తన కూతురు ఎక్సెప్షన్ కాదని ఆమె గట్టిగా చెప్పిందట.

మధ్యాహ్నానికి జాబితా మారింది. ఎ-గ్రూపు సీట్లను మార్కుల ప్రకారం ఇచ్చారు. మౌనిక పేరు పైవరసలోనే ఉంది. తప్పు జరిగిందని స్కూలు ఎక్కడా ఒప్పుకోలేదు. "సాంకేతిక కారణాల వల్ల" అని నోటీసు బోర్డు మీద ఒక ముక్క అంటించారు. ఆ ప్రతినిధి ఇప్పుడు ఇతర ఊళ్లలోని స్కూళ్లకు తిరుగుతున్నాడని విన్నాను. ఆడపిల్లలను తలంటుకుని రమ్మంటున్నాడట. అది తలచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. పరికరంలో లోపం చూపిస్తే దాన్ని సవరించుకున్నాడు. పరికరం అడుగుతున్న ప్రశ్నను మాత్రం అలాగే ఉంచుకున్నాడు.

ఈఈజీ ల్యాబులో పనిచేస్తానని తెలిస్తే చాలామంది నన్ను అదే అడుగుతారు: ఆడ, మగ మెదళ్ల వైరింగ్‌లో తేడా ఉందా అని. ఒకప్పుడు వెంటనే సగటులూ సమూహాలూ వివరించడం మొదలుపెట్టేదాన్ని. ఇప్పుడు ముందు ఒక ఎదురు ప్రశ్న వేస్తాను: "ఉందంటే మీరేం చేయబోతున్నారు?" తెలుసుకోవాలన్న కుతూహలం ఉన్నవారు కాసేపు ఆలోచించి, ఏమీ చేయబోమంటారు. వారికి ఎంతసేపైనా వివరిస్తాను. ఎవరికి ఏ సీటు ఇవ్వాలో తేల్చుకోవడానికి అడిగేవారు మాత్రం వెంటనే జవాబు చెబుతారు. వారికి నేను మెదడు గురించి ఒక్క ముక్క కూడా చెప్పను.