ఫీజు విన్నాక కూడా కదలని మనుషులు

నిన్న పొద్దున స్టాఫ్ గ్రూప్‌లో మెసేజ్ చూసి, ఇంకెవరో నర్సింహులు అనుకున్నాను.

కాదు. మన నర్సింహులన్నే.

మెసైమీర్ ఏరియాలోని తన రూములో డ్యూటీకి తయారవుతూ, చొక్కా గుండీలు పెట్టుకుంటూ కూలిపోయాడట. గుండెపోటు.

తెలియనివాళ్ళకు చెబుతున్నా. జగిత్యాల మనిషి. దోహాలో నేను ఇంగ్లిష్ చెప్పే చిన్న కమ్యూనిటీ కాలేజీలో అడ్మిషన్ కౌంటర్ ఆయనదే.

శుక్రవారం సెలవు కదా, లేబర్ క్యాంపుల నుంచి మనవాళ్ళు వచ్చి ఏసీ మెకానిక్ కోర్సు ఫీజు అడిగేవాళ్ళు. విని నోరెళ్ళబెట్టేవాళ్ళు.

కానీ వెళ్ళిపోయేవాళ్ళు కాదు. క్లాస్‌రూమ్ అద్దం తలుపు దగ్గర నిలబడేవాళ్ళు.

ఇంకొకరైతే సెక్యూరిటీని పిలుస్తారు. ఒక శుక్రవారం అన్న లేచి వెళ్ళి, వాళ్ళలో ఒకతన్ని అడిగాడు.

"ఏం తమ్మీ, ఫీజు ఇన్నంక గూడ పోతలేవేంది?"

"బయటికెల్లి సూస్తె ఫులూస్ అడగరు గదనే!" అన్నాడు ఆ సెంట్రింగ్ మేస్త్రీ, డబ్బుకు ఇక్కడి అరబ్బీ మాట వాడి.

ఇద్దరూ పడీ పడీ నవ్వారు.

నాకు నవ్వు రాలేదు. లోపల సగం కుర్చీలు ఖాళీ. అదే ఏసీ, అవే లైట్లు, అదే మాస్టారు. ఇంకో నలుగురు కూర్చుంటే ఎవరి సొమ్ము పోయింది? ప్రిన్సిపాల్ తగ్గిద్దామన్నా పైనున్న యాజమాన్యం రూల్ ఒప్పుకోదు. ఫీజు అందరికీ ఒకటే ఉండాలట. మరి జీతాలు అందరికీ ఒకటే ఉన్నాయా?

పోయిన నెల మీటింగ్‌లో యాజమాన్యం మనిషి, మన తెలుగాయనే, "ఒకరికి తగ్గిస్తే అందరూ అడుగుతారు" అన్నాడు. నేను లేవబోయాను. అన్న చెయ్యి అడ్డం పెట్టాడు.

"అడగనియ్యిండ్రి సార్. ఎంతమందికి సదువుకోవాల్నని ఉందో మనకు గూడ ఎరుకైతది గదా!"

చివరికి, ఒక్క బ్యాచ్‌కు సగం ఫీజు పెట్టి చూడాలా వద్దా అన్నది వచ్చే మీటింగ్‌లో తేలుస్తామన్నారు.

బయటికొచ్చాక అన్న నన్ను ఆటపట్టించాడు. "నువ్వు తిడితె ఆళ్ళు చెవులు మూసుకుంటరు చెల్లె. జర ఆగు."

"ఎన్నాళ్ళు ఆగాలన్నా?"

"గది గూడ ఆళ్ళనే అడుగుదాం తియ్."

ఆ మీటింగ్ ఈ ఆదివారమే.

ఇప్పుడు అదే యాజమాన్యం 'తీరని లోటు' అని మెసేజ్ పెట్టింది. లోటు తీరనిదే, ఒప్పుకుంటాను. రూల్ మాత్రం తీసేయొచ్చు కదా?

ఆదివారం నేనే అడుగుతాను. గొంతు పెంచకుండా అడగాలని చూస్తాను. మాట మాత్రం ఇవ్వలేను.

వెళ్ళిరా అన్నా. ఊరికి నీ ఆఖరి ప్రయాణం ప్రశాంతంగా సాగాలి. వదినకు, పిల్లలకు గుండె నిబ్బరం దొరకాలి.