ఫుర్సత్ లేని యాకోబు

సూర్యాపేట దగ్గరి పెన్‌పహాడ్ యాకోబు హైదరాబాదులో బీఏ చదువుతున్నాడు. చిన్నప్పటి నుంచీ ఉర్దూలో చదివినవాడికి, నిజాం రాజ్యం పోయిన మరుసటి ఏడు పాఠాలన్నీ ఇంగ్లీషులోకి మారిపోయాయి. దాంతో డిక్షనరీకి అతుక్కుపోయాడు. తోటివాళ్ళు బంతాటకు పిలిచినా, టీకి పిలిచినా, తీరిక లేదంటూ ఒకటే మాట, "ఫుర్సత్ లేదు." కొన్నాళ్ళకు వాళ్ళు పిలవడం మానేశారు. నిద్ర పట్టక, అన్నం సయించక, మనిషి సగమై సూర్యాపేట బస్సెక్కి ఇంటికొచ్చాడు.

ఇంటి దగ్గరా అరుగు మీద అదే చదువు. చిన్ననాటి దోస్తు జానయ్య వచ్చి, "బాయిల ఈత కొడదాం, వస్తవా?" అని అడిగాడు.

"ఫుర్సత్ లేదు" అన్నాడు యాకోబు, తలెత్తకుండానే.

జానయ్య తన చెలక దారి పట్టాడు.

ఆ తర్వాత రెండు పేజీలు తిప్పాడో లేదో, 'లీజర్' అనే తెలియని మాట తగిలింది. డిక్షనరీ తీసి చూస్తే ఉర్దూలో అర్థం 'ఫుర్సత్' అని ఉంది. యాకోబుకు తన మీద తనకే ఒళ్ళు మండింది. పుస్తకం మూసి జానయ్య చెలకకు నడిచాడు.

జానయ్య వంగి గడ్డి కోస్తున్నాడు.

"ఈతకు పోదామా?"

"ఇప్పుడు నాకు ఫుర్సత్ లేదు. మాపటికి ఎడ్లకు గడ్డి కావాలె."

అందులో ఎత్తిపొడుపేమీ లేదు. ఉన్న సంగతే చెప్పాడు.

యాకోబు చొక్కా విప్పి గట్టు మీద పడేసి, అక్కడే ఉన్న ఇంకో కొడవలి అందుకున్నాడు.

"నాక్కూడా లేదు. జర పక్కకు జరుగు."