కుక్కపిల్లకు తెరిచిన తలుపు

కుక్కపిల్లని చూస్తే ఎవరికైనా ముద్దొస్తుంది. నాకు మాత్రం కడుపు మండుతుంది. పాపం, దాని తప్పేమీ లేదు. అయినా మండుతుంది. ఎందుకు మండుతుందో మా ఇంట్లో ఎవరికీ ఇన్నాళ్లూ చెప్పలేదు. చెప్తే నవ్వుతారు. నవ్వితే నవ్వనీ, ఇప్పుడు చెప్తున్నాను.

రెండో ప్రపంచ యుద్ధానికి కొంచెం ముందు సంగతి. నేను కొత్త కోడలిగా హైదరాబాదు వచ్చాను. మా అత్తగారిల్లు నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో ఉండేది. ముందు వసారా, మధ్యలో రెండు గదులు, వెనక వంటిల్లు, దాని పక్కన సామాను గది, అవతల దొడ్డి. మరుగుదొడ్డి ఆ దొడ్డి చివర గోడవారన ఉండేది. నేను రాకముందు ఎప్పుడో ఆ దొడ్లోంచి రాగి బిందెలు పోయాయట. అప్పట్నుంచి రాత్రి అన్నాలు తిని గిన్నెలు సర్దగానే మా అత్త దొడ్డి తలుపుకి ఇత్తడి తాళం వేసి, తాళంచెవిని కొంగుకి ముడేసుకునేది. మళ్లీ పొద్దున పాలవాడు పిలిచేదాకా ఆ ముడి విప్పేది కాదు.

మగవాళ్లకి దీనివల్ల వచ్చిన ఇబ్బందేమీ లేదు. వాళ్లు వసారాలో పడుకునేవాళ్లు. అవసరమైతే గల్లీ పక్క మురికికాలవ, మోరీ దాకా పోయి వచ్చేవాళ్లు. బాధంతా ఆడవాళ్లకే. నేను కాపురానికి వచ్చిన రోజే అత్త నన్ను పక్కకి పిలిచి చెప్పింది.

"పొద్దుగూకినంక నీళ్లు ఎక్వ తాగకు బిడ్డా. కొన్ని దినాలైతే అలవాటైతది. మేమంత గట్లనే నేర్సుకున్నం."

మా ఊళ్లో రాత్రి లేవాల్సి వస్తే మా అమ్మ కందిలి పట్టుకుని వెంట వచ్చేది. అందులో సిగ్గుపడాల్సింది ఏమైనా ఉంటుందని నాకు తెలియదు. ఇక్కడికొచ్చాక తెలిసింది. ఒక రాత్రి ఓపలేక అత్తని లేపి తాళంచెవి అడిగాను. ఇచ్చింది. ఒక్క మాట అనలేదు. ఆమె ఎంత మంచిదో అనుకున్నాను. తెల్లారి నేను దొడ్లో బట్టలు పిండుతుంటే, అత్త గోడ మీదుగా పక్కింటావిడతో చెప్తోంది.

"కొత్త కోడలికి రాత్రిళ్లు గూడ తలుపు తెరువాల్నట. ఏం కాలమొచ్చిందో."

ఇద్దరూ నవ్వుకున్నారు. నేను వింటున్నానని ఇద్దరికీ తెలుసు. ఆ రోజంతా ఎవరి మొహమూ చూడలేకపోయాను. చచ్చినా మళ్లీ అడగకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

అలవాటవుతుందని చెప్పింది కదా, అయింది. సాయంత్రం నుంచి నీళ్లు మానేశాను. నాలుక పిడచకట్టుకుపోయినా సరే, చెంబు ముట్టుకునేదాన్ని కాదు. కానీ కొన్నాళ్లకి నెల తప్పింది. కడుపులో బిడ్డ పెరిగేకొద్దీ నా ఒళ్లు నా మాట వినడం మానేసింది. కడుపుతో ఉన్నదాన్నని నా పడక సామాను గదిలోకి మార్చారు. అక్కడ నడిరాత్రి మెలకువ వచ్చేది. దొడ్డి తలుపు నాకు చేయి చాపితే అందేంత దగ్గర. మోకాళ్లు ముడుచుకుని, పళ్లు బిగబట్టి, స్టేషన్లో తెల్లవారి బండి కూత కోసం చెవులు రిక్కించి పడుకునేదాన్ని. ఆ కూత వినిపించిన కాసేపటికి పాలవాడు వచ్చేవాడు. అప్పుడు కూడా ఆత్రం కనబడకుండా మెల్లగా నడవాలి. అత్త చూస్తుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా ఇంటికి కుక్కపిల్ల వచ్చింది.

మా మామ సర్కారీ దఫ్తర్లో గుమాస్తా. ఆయన పై సాబుకి అబిడ్స్ దగ్గర బంగళా ఉండేది. ఆ బంగళాలో విలాయతీ కుక్క ఈనింది. పిల్లల్లో ఒకదాన్ని ఖైరతాబాద్‌లో ఉన్న ఎవరో బేగంకి ఇస్తానని సాబు మాటిచ్చాడు. ఆ బేగం ఇల్లంతా తివాచీలట. పిల్ల రాత్రిపూట ఓపుకోవడం, బయటికి పోవడం నేర్చుకున్నాకే ఇంట్లోకి రానిస్తానందట. ఈ మాట దఫ్తర్లో మామ చెవిన పడింది. మా ఇంట్లో ఆడవాళ్లున్నారు, వాళ్లు నేర్పిస్తారని చేతులు కట్టుకుని ఒప్పుకుని వచ్చాడు. మా ఆయన చదువు ముగించి నౌకరీ లేకుండా తిరుగుతున్నాడు. ఆ దఫ్తర్లో ఒక ఖాళీ ఉంది. మామకి కుక్కమీద ఉన్న ప్రేమ కథంతా ఇదే.

మామ నాతో నేరుగా మాట్లాడేవాడు కాదు. ఆ ఇంటి మర్యాద అది. చెప్పాల్సింది ఏదైనా ఉంటే తలుపవతల నిలబడి నాకు వినబడేట్టు అత్తతో చెప్పేవాడు. ఆ సాయంత్రం వెదురుబుట్టని వసారాలో దించి, అట్లాగే నిలబడ్డాడు.

"కోడలికి చెప్పు. రాత్రి దీన్ని పెట్టెల పండవెట్టాలె. ఇది పండుకున్న జాగ ఖరాబు చేసుకోదట. ఏడ్వంగనే ఎత్తుకోని దొడ్లెకు తీస్కపోవాలె, జర గూడ ఆలస్యం చేయొద్దు. పొద్దుగూకినంక నీళ్లు పెట్టొద్దు."

ఆ చివరి మాటకి నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. నాకు చెప్పిన పాఠమే దానికీ చెప్తున్నారు. కాకపోతే దాని పాఠంలో తలుపు తెరవడం కూడా ఉంది. మామ వంగి బుట్టలోకి చూసి "ఏమ్ర, భయమైతున్నదా? ఫికర్ చేయకు" అన్నాడు. గోధుమరంగు ఒళ్లు, నేలమీద రాసుకునేంత పొడుగు చెవులు దానికి. నేను ఆ ఇంటికి వచ్చాక ఆయన నోట అంత మెత్తని మాట వినడం అదే మొదలు.

మా ఆయన బేగంబజారు నుంచి గ్యాసునూనె, అదే కిరసనాయిలు డబ్బాలు పెట్టే కర్రపెట్టె తెచ్చి, ముందువైపు పట్టీలతో చిన్న తలుపు బిగించాడు. అందులో నా పాత చీర ముక్క పరిచాం. అయితే పెట్టె పెద్దదైంది. పిల్ల ఒక మూల తడిపి ఇంకో మూల హాయిగా పడుకుంది. మామ సాబుని అడిగొచ్చి మళ్లీ తలుపవతల నిలబడ్డాడు. లేచి, ఒకసారి తిరిగి, మళ్లీ పడుకునేంత జాగా మాత్రమే ఉండాలట. మా ఆయన మధ్యలో ఒక పలక అడ్డం కొట్టాడు. బియ్యం బస్తాలకీ పప్పు డబ్బాలకీ మధ్య నా చాపకి మిగిలిన చోటు కూడా ఇంచుమించు అంతే. ఆ చాప పక్కనే పెట్టె పెట్టారు.

మడి కట్టుకునే అత్త కుక్కని ముట్టుకోదు. అందుకని పని నాది. కుక్కని ముట్టుకున్న చేతులతో వంటింటి గడప తొక్కకూడదు కాబట్టి తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం కూడా నాదే. తాళంచెవి మాత్రం ఆమెదే. మా ఆయన దాన్ని గోడకి తగిలించమంటే ఒప్పుకోలేదు. సామాను గది గడపకి అవతలే మంచం వాల్చుకుంది. పిల్ల కుయ్యిమనగానే కళ్లయినా తెరవకుండా కొంగు ముడి విప్పి చేయి చాపేది.

"ఏడుస్తున్నది. తీస్కపో జల్ది, ఇల్లు ఖరాబు చేస్తది."

నేను పిల్లని ఎత్తుకుని పోయి తిరిగి వచ్చేదాన్ని.

"పోసిందా?"

"పోసింది."

తాళంచెవి అందుకుని ముడేసుకుని అటు తిరిగి పడుకునేది. ప్రతి రాత్రీ ఇదే తంతు. కుక్కపిల్ల కంటే ముందు అత్తకే అలవాటైంది.

మొట్టమొదటిసారి పిల్లని జామచెట్టు కింద దించి నిలబడినప్పుడు నాకేమీ తోచలేదు. అది నేల వాసన చూస్తూ తిరిగి తిరిగి ఒక చోట కూచుంది. చల్లగాలి వీస్తోంది. తలుపు తెరిచి ఉందనీ, నేను బయట ఉన్నాననీ అప్పుడు తట్టింది. పరుగున పోయి వచ్చాను. ఆ తర్వాత గోడకి ఆనుకుని ఏడ్చాను. నొప్పి పోతే కూడా ఏడుపొస్తుందని అప్పుడే తెలిసింది. పిల్ల వచ్చి నా కాలు నాకుతూ కూచుంది. ఆ మర్నాటి నుంచి రాత్రి అన్నం తిన్నాక కడుపునిండా నీళ్లు తాగేదాన్ని. నీళ్లు ఎంత తియ్యగా ఉంటాయో మరిచిపోయి ఉన్నాను అప్పటిదాకా.

ఇక్కడితో ఆపితే ఇది ముద్దు కథే. కానీ పగటిపూట నా చెవులు మూసుకోలేను కదా. పిల్ల వసారాలో తడిపితే మామ "పసిది, దానికేం తెలుసు" అనేవాడు. అత్త అదే గోడ మీదుగా అదే పక్కింటావిడతో చెప్పేది.

"రాత్రి ఓపలేక ఎట్ల ఏడుస్తదనుకున్నవ్. నా పానమంత గిలగిల అయితది."

"అయ్యో పాపం, నోరులేని జీవం" అనేది ఆవిడ.

ఆ గోడ దగ్గరే కదా నా గురించి నవ్వుకున్నారు. బట్టలు పిండుతూ ఆ మాటలు వింటుంటే చేతిలో ఉన్న పంచె చిరిగిపోయేంత కోపం వచ్చేది. ఏం చేస్తాను? పిండిన పంచెని దులిపి తాడు మీద ఆరేసేదాన్ని.

రోజులు గడిచేకొద్దీ పిల్ల బుద్ధిమంతురాలైంది. ముందు పెట్టెలో తడపడం మానేసింది. తర్వాత ఆలస్యంగా ఏడవడం మొదలుపెట్టింది. చివరికి ఒకసారి నాకు మెలకువ వచ్చి చూస్తే, పొడుగు చెవులు మొహం మీద కప్పుకుని గురకపెడుతోంది. ఇల్లంతా ఆ రోజు కోసమే ఎదురుచూస్తోంది, నేను తప్ప. నేను పెట్టె తలుపు తీసి దాన్ని ఎత్తుకున్నాను. నిద్రలో కాళ్లు వేలాడేసి, ఒక కన్ను తెరిచి, ఇదేమిటన్నట్టు చూసింది. "అత్తమ్మా, ఏడుస్తున్నది" అన్నాను. తాళంచెవి వచ్చింది. అట్లా కొన్ని రాత్రులు నడిచింది. ఆ తర్వాత ఒక రాత్రి తాళంచెవి రాలేదు. అత్త మంచం మీద లేచి కూచుంది.

"అది ఏడ్వలే. నేను మెలకువతోనే ఉన్న. నువ్వే లేపినవ్."

పిల్ల నా భుజం మీద తల వాల్చి మళ్లీ నిద్రపోయింది.

"దానికి నేర్పుమని తెచ్చినం. నువ్వు చెడగొట్టకు. పిలగాని నౌకరీ సంగతి. పెట్టెల పండవెట్టు."

పండబెట్టాను. పిల్ల తెల్లారేదాకా కదల్లేదు. నేనూ కదల్లేదు.

ఆ వారంలోనే మామ దాన్ని తీసుకుపోయాడు. స్నానం చేయించి, తుడిచి నేనే ఇచ్చాను. ఆయన షేర్వానీ తొడుక్కుని, కొత్త బుట్ట పట్టుకుని టాంగా ఎక్కుతూ గల్లీవాళ్లతో చెప్పాడు. "రాత్రంత సప్పుడు చేయది. మా ఇంట్ల నేర్సింది." ఎవరు నేర్పారని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. గ్యాసునూనె పెట్టె బేగం ఇంటికి పనికిరాదని మాకే వదిలేశారు. ఆ నౌకరీ రాలేదు. సాబుకి బదిలీ అయింది.

నౌకరీ మాట తర్వాతి సంగతి. పిల్ల పోయిన ఆ సాయంత్రం నేను పెట్టుకున్న ఒట్టు తప్పాను. గిన్నెలు సర్దాక, అత్త తాళం వేస్తుంటే దగ్గరికి పోయి అడిగాను.

"అత్తమ్మా, తాళంచెవి జర గోడకు తగిలించరాదా? ఈ నెలల నాకు శాన కష్టమైతున్నది."

ఆమె కోప్పడలేదు. నిజానికి కోప్పడి ఉంటే బాగుండేది. బియ్యం ఎట్లా కడగాలో చెప్పినంత మామూలుగా చెప్పింది.

"అది నోరులేనిది, బుద్ధి లేనిది. గందుకని తెరిచిన. నీకు బుద్ధి ఉన్నది గద. నేను ఇంతమందిని కన్న, నాకెవ్వలు తెరిచిన్రు? ఓపుకో."

ముడి బిగించి చూసుకుని పోయి పడుకుంది. ఆ మాట నాకు ఇప్పటికీ తగులుతూనే ఉంటుంది. బుద్ధి ఉన్నందుకు ఒక మనిషికి పడే శిక్ష అది. ఆమెకీ ఎవరో అట్లాగే వేసి ఉంటారు, నాకు తెలుసు. తెలిసినా జాలి కలగలేదు. ఆమెకి నామీద కలిగిందా?

ఆ రోజు నీళ్లు తాగలేదు. అయినా నడిరాత్రి లేచాను. పొత్తికడుపులో కత్తి పెట్టి తిప్పినట్టుంది. బిడ్డ కదిలినప్పుడల్లా ఇంకా పొడుస్తోంది. మళ్లీ పడుకునే ఓపిక లేక ఖాళీ పెట్టె మీద కూచుని, ముందుకి వంగి చెక్కని రెండు చేతులా పట్టుకున్నాను. బండి కూతకి ఇంకా చాలా పొద్దుంది. నోరు గట్టిగా మూసుకున్నాను. అయినా నొప్పికి గొంతులోంచి సన్నగా ఒక మూలుగు వచ్చింది. ఆపుకున్నాను. మళ్లీ వచ్చింది.

గడప అవతల మంచం కిర్రుమంది. కొంగు ముడి విప్పుతున్న చప్పుడు. చీకట్లోంచి అత్త చేయి ముందుకి వచ్చింది, వేళ్ల మధ్య తాళంచెవి.

"ఏడుస్తున్నది. తీస్కపో జల్ది" అంది నిద్రలోనే.

నేను తాళంచెవి అందుకున్నాను. తాళం తీసి దొడ్లోకి పోయి, నా పని చూసుకుని, తలుపు మూసి తాళం వేసి తిరిగి వచ్చాను. ఆమె చేయి ఇంకా అట్లాగే చాపి ఉంది. అందులో తాళంచెవి పెట్టాను.

"పోసిందా?"

"పోసింది" అన్నాను.