‘పంపు’ బటన్ పైమూలకు వెళ్లిన కథ

నేను రిటైరయ్యే ముందు మూడో ఏడాది, జూన్ నెలలో, నన్ను మత్స్యశాఖ నెల్లూరు జిల్లా కార్యాలయంలో సీనియర్ సిస్టమ్స్ అనలిస్టుగా వేశారు. వేటకు వెళ్లి తిరిగి రాని పడవల సమాచారం తీసుకునే వెబ్ ఫారం తయారు చేయడం నాకిచ్చిన మొదటి పని. అంతవరకు తీరం నుంచి ఫోన్లు వచ్చేవి. ఇకపై ఫారం అందితేనే గాలింపు బోటు కదలాలని ఉత్తర్వు వచ్చింది.

ఫారంలో గడులు ఎన్ని ఉన్నా అసలు పని బటన్లది. మా ఫారానికి రెండు: ‘భద్రపరచు’, ‘పంపు’. మొదటిది నొక్కితే రాసింది చిత్తుప్రతిగా ఉండిపోతుంది. రెండోది నొక్కితేనే కంట్రోల్ రూముకు చేరుతుంది. నేను రెండింటినీ అడుగున పక్కపక్కనే పెట్టాను. సమీక్షలో మా డైరెక్టరు గారు గోడ మీది పెద్ద తెర చూసి, ‘పంపు’ అడుగున కనబడటం లేదు, పైన కుడి మూల అధికారి హోదా ఉండే పట్టీలో పెట్టమన్నారు. ఊళ్లలో ఈ ఫారం ఫోన్‌లో నింపుతారని, చివరి గడికి వచ్చేసరికి ఆ పట్టీ తెర దాటిపోతుందని నాకు తెలుసు. పెద్దాయనతో వాదన ఎందుకని, అలాగే సార్ అన్నాను.

నవంబరులో వాకాడు మండలంలోని ఒక పల్లెలో పోలమ్మ అనే ఆమె పొద్దున పది గంటలకు గ్రామ సచివాలయానికి పరుగున వచ్చింది. ముందురోజు వేటకు పోయిన ఆమె భర్త, మరిది తిరిగి రాలేదు. అక్కడ ఆన్‌లైన్ పనులు చూసే ఉద్యోగిని ఎస్తేరు ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని గడులన్నీ నింపి, అడుగున ఉన్న ‘భద్రపరచు’ నొక్కింది. తెర మీద పచ్చ టిక్కు పడింది.

మర్నాడు మధ్యాహ్నం పోలమ్మ మళ్లీ వచ్చి అడిగేదాకా ఆ ఫారం ఎక్కడికీ పోలేదని ఎవరికీ తెలియదు. బోటు వెళ్లేసరికి మరిది ఒక్కడే ఖాళీ డబ్బా పట్టుకుని తేలుతున్నాడు. ఇంజను ఆగిపోయిందని, ఫారం నింపిన రోజు చీకటి పడేదాకా పడవ మునగలేదని, అప్పటిదాకా అన్న తనతో మాట్లాడుతూనే ఉన్నాడని అతను చెప్పాడు. ఆ తర్వాత మూడో రోజు అన్న శవం ఒడ్డుకు కొట్టుకొచ్చింది.

విచారణకు నన్నే పంపారు. తయారు చేసినవాడినే తప్పు వెతకమనడం మా శాఖలో మామూలే. ఎస్తేరు తల ఎత్తకుండా చెప్పింది: “మా ఫారాలన్నిట్లో మేం సేవ్ చేస్తాం, పైకి పంపేది ఆఫీసరు గారు గదా సార్. ఆ పైన బటను పక్కన ఆఫీసరని రాసుండాది. నేనెట్టా నొక్కేది?”

ఆమె అన్నది నిజం. చిన్న ఉద్యోగి రాసిపెట్టాలి, పై అధికారి తన లాగిన్‌లో చూసి పంపాలి. ఏళ్ల తరబడి ఆ పద్ధతి నేర్పింది మేమే. ఈ ఒక్క ఫారంలో ఆమే పంపాలని తెర మీద ఎక్కడా చెప్పలేదు.

పోలమ్మ ఇంటికి కూడా వెళ్లాను. “ఆ బిడ్డనేమీ అనబాకండి సార్. నా ముందరే నొక్కింది. పచ్చగా పడింది, నేను చూసినా. ఇంక బోటు పోతాదిలే అని ఇంటికొచ్చేసినా,” అంది.

నా మీద నాకే అసహ్యం వేసింది. అయినా రిపోర్టులో ‘వినియోగదారు పొరపాటు’ అని రాశాను. ఎస్తేరును ఉద్యోగం నుంచి తీసేశారు. ‘పంపు’ బటన్‌ను చివరి గడి కిందికి దించి, ‘ఇది మీరే నొక్కాలి’ అని రాయడానికి నాకు ఇరవై నిమిషాలు పట్టింది.

నింపేవారి పని ఎక్కడ ముగుస్తుందో బటన్ అక్కడే ఉండాలి. వినియోగదారు పొరపాటు అని రాసే ముందు ఆ తెరను ఎవరు తయారు చేశారో చూడాలి. ఆ రిపోర్టులో నా పేరు అడుగున సంతకం దగ్గర మాత్రమే ఉంది, తప్పు ఎవరిదో రాసిన చోట లేదు.