ఒడ్డున వేడినీళ్లు

నా చిన్నప్పుడు ఒకరోజు ఉదయం ఆరుంపావుకి, చల్లపల్లి వెళ్లే మొదటి బస్సు హారన్ మోగినప్పుడు, మా మేనత్త సముద్రపు ఒడ్డున మూడు ఇటుకల పొయ్యి వెలిగించి నీళ్ల కుండ ఎక్కించింది. అది రోజూ జరిగేదే, వేళ మాత్రం మారేది. సముద్రం వెనక్కి తగ్గిన వేళల్లో మా పల్లె ఆడవాళ్లు మోకాటి లోతు నీళ్లలో గుల్లలు ఏరేవారు. కుండ కాగకుండా ఎవరూ నీళ్లలో దిగేవారు కాదు. అందుకు కారణం టేకు చేప.

టేకు చేప పళ్లెంలా పలచగా ఉంటుంది. అడుగున పడుకుని ఇసుకని తన మీద కప్పుకుంటుంది. కళ్లూ, వాటి వెనక ఊపిరి తీసుకునే రెండు రంధ్రాలూ మాత్రమే పైకి ఉంటాయి. కొరడా లాంటి తోక మీద విషపు ముల్లు ఉంటుంది. దాని అంచుల పళ్లు వెనక్కి వంగి ఉంటాయి కాబట్టి దిగడం తేలిక, రావడం కష్టం. గుడ్లు పెట్టదు, పిల్లల్ని కంటుంది.

"అది మన మీదకి రాదే పిచ్చిమొహమా. నిద్రలో ఉండగా పొట్ట మీద కాలేస్తే నువ్వు మాత్రం ఊరుకుంటావా?" అనేది అత్త. అందుకే మావాళ్లు నీళ్లలో అడుగెత్తి వేసేవారు కాదు. ఇసుకలో కాళ్లు ఈడ్చుకుంటూ నడిచేవారు. ఆ అలికిడికి చేప తప్పుకునేది. ఎవరికైనా ముల్లు దిగితే, ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో కాలు పెట్టించేవారు. నొప్పి తగ్గడానికి మావాళ్లకి తెలిసిన దారి అదొక్కటే.

ఆ రోజు మంట చూసే పని నాది. నాకు తొమ్మిదేళ్లు. "మంట ఆరిందో, వీపు విమానం మోతే!" అని నవ్వుతూ వెళ్లింది అత్త. కాసేపు పుల్లలు ఎగదోశాను. తర్వాత విసుగు పుట్టి మానేశాను, మంట ఆరిపోయినా పట్టించుకోలేదు. ఇసుకలోంచి చూసే ఆ చేప కళ్లని ఒక్కసారైనా చూడాలని నాకు చాలా రోజులుగా ఉంది. పొయ్యి వదిలేసి నీళ్లలోకి దిగాను. అలలు అడ్డొస్తుంటే గెంతుకుంటూ వెళ్లాను.

అత్త వెనక్కి తిరిగి చూసింది. "ఆగవే! కాలెత్తకే!" అని అరుస్తూ నా వైపు పరుగెత్తింది. ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ నీళ్లలో కాళ్లు ఈడ్చిన మనిషి, నా కోసం కాళ్లెత్తి పరుగెత్తింది. నాకు నాలుగడుగుల దూరంలో కూలబడిపోయింది. ఇసుక లేచి నీళ్లు మురికయ్యాయి. గోధుమరంగు చేప ఒకటి నా పక్కనుంచే వెళ్లిపోయింది. దాని కళ్లు నాకు కనిపించలేదు.

ఆడవాళ్లు అత్తని ఒడ్డుకి మోసుకొచ్చారు. మా అమ్మ కుండలో వేలు ముంచి చూసింది. "గోరువెచ్చగా అయిపోయాయి. మంట ఏం చేశావే?" అంది నాతో.

"దాన్ననకు వదినా," అంది అత్త పళ్లు బిగబట్టి. "గాలికి ఆరిపోతోందని చెప్పడానికే నా దగ్గరికొస్తోంది."

అందరూ నమ్మారు. నేను వంగి పొయ్యి ఊదడం మొదలుపెట్టాను. నీళ్లు మళ్లీ కాగేదాకా అత్త అరుస్తూనే ఉంది.

ముల్లు ముక్క పాదంలోనే విరిగి ఉండిపోయింది. పుండు మానలేదు. ఆ వానాకాలం దాటకుండానే అత్త పోయింది.

వేడినీళ్లు నొప్పిని తగ్గిస్తాయే గానీ విరిగిన ముల్లుని బయటికి తీయలేవని పెద్దయ్యాక చదివాను. ఊరట కలుగుతుందేమో అనుకున్నాను. కలగలేదు. ఆవిడ అసలు పరుగెత్తింది నా వల్లనే కదా. నేను నిజం చెప్పుకోవాల్సినవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. మా అమ్మకి కూడా చెప్పలేకపోయాను.

ఇప్పుడు భవానీపురంలో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. "అబ్బా, ఆ చప్పుడేంటి అమ్మమ్మా! కాలెత్తి నడవొచ్చుగా, చెప్పులు అరిగిపోతున్నాయి" అంటుంది మనవరాలు. సరేనంటాను. ఎత్తలేను.

పోయినేడు మా పల్లెకి వెళ్లాను. అడుగంతా గీరుకుపోయే వలలు వచ్చాక టేకు చేప ఇంత దగ్గరికి రావడం లేదన్నారు. గుల్లలూ లేవన్నారు. సెలవులకి వచ్చిన పిల్లలు మోకాటి లోతులో గెంతుతున్నారు. కాళ్లు ఈడ్చి నడవమన్నాను. ఎందుకని అడిగారు.

ఇప్పుడు ఆ ఒడ్డున ఎవరూ నీళ్లు కాచరు.