చిక్కగా ఉంటే మంచిదనుకున్నాను

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఒక్కటీ ఉండేది కాదు. మరీ పాతకాలం మాట కాదు, పదేళ్ల కిందటి సంగతే. నాకు ఇరవై నాలుగేళ్లు. పెరవలి అవతల ఒక పల్లెటూరి హైస్కూల్లో కొత్తగా ఫిజిక్స్ టీచరుగా చేరాను. ఘర్షణ గురించి, స్నిగ్ధత అనే ద్రవాల చిక్కదనం గురించి గంటసేపు ఆగకుండా చెప్పగలిగేదాన్ని (వినేవాళ్లు ఆగగలిగేవారా అన్నది వేరే విషయం). నిడదవోలులో బాబాయి ఇంట్లో ఉండి, రెండు బస్సులు మారి స్కూలుకి వెళ్లేదాన్ని. రెండో బస్సు వస్తే వచ్చేది, లేకపోతే లేదు. నెలలో ఐదుసార్లు ప్రార్థన అయిపోయాక గేటు దగ్గర నిలబడ్డాను. హెడ్మిస్ట్రెస్ గారు ఏమీ అనేవారు కాదు, గోడ గడియారం వైపు చూసి నా వైపు చూసేవారు. అంతకంటే తిట్టినా బాగుండేది.

బాబాయికి ఒక చిన్న తెల్లకారు ఉండేది. నాకు డ్రైవింగ్ నేర్పింది కూడా అందులోనే. అయితే దాని గేరుబాక్సు రెండో గేరులో మూలిగేది, మూడో గేరులో ఏడ్చేది, నాలుగులో వేస్తే లోపల కూర్చున్నవాళ్లు సైగలతో మాట్లాడుకోవాల్సి వచ్చేది. బాబాయి కోర్టులో గుమాస్తా. ఆ మోత వినగానే ఆఫీసులో వాళ్లంతా సంతకాలు పెట్టేసేవారని చెప్పేవాడు. చివరికి ఆయనకే విసుగొచ్చి కారు అమ్మేస్తానన్నాడు.

"నాకిచ్చేయొచ్చుగా బాబాయ్! స్కూలుకి వెళ్తాను."

"ఈ గోలతో నిన్నెలా పంపనే? దారిలో ఆగిపోతే? ఆదివారం సాయంత్రం భీమవరం నుంచి ఒకాయన చూసుకోడానికొస్తున్నాడు. ఈలోగా ఆ ఏడుపు ఆపావనుకో, నీదే. ఆయన్ని రావద్దని చెప్పేస్తాను."

ఇంతకంటే ఏం కావాలి? ఆ రాత్రే ఫోన్లో నాలుగు వీడియోలు చూశాను. గేరు నూనె మారిస్తే మోత తగ్గుతుందని నాలుగింటిలోనూ చెప్పారు. మిగతాది నా ఫిజిక్సు చెప్పింది. గేర్ల పళ్లకీ పళ్లకీ మధ్య ఎంత మందంగా నూనె ఉంటే అంత తక్కువ ఘర్షణ, అంత తక్కువ మోత. కాబట్టి షాపులో దొరికేవాటిలో అన్నింటికంటే చిక్కటిది కొనాలి. ఎంత తేలిగ్గా తేల్చేశానో చూడండి!

రెండో శనివారం కాబట్టి స్కూలుకి సెలవు. పొద్దున్నే ఆయిల్ షాపుకి వెళ్లాను. షాపాయన "ఏ బండికమ్మా?" అని అడిగాడు.

"బండితో పని లేదండి. మీ దగ్గర బాగా చిక్కటిది ఏదుంటే అదివ్వండి."

"అది కాదమ్మా, బండిని బట్టి..."

"నేను ఫిజిక్స్ టీచర్నండి," అన్నాను. ఆయన వెంటనే లోపలికెళ్లి డబ్బా తెచ్చిచ్చాడు. డబ్బా వంచితే నూనె కదలడానికే ఆలోచించింది. నాకు చాలా తృప్తిగా అనిపించింది.

ఇంటికొచ్చి ముందు చక్రాలు రెండు చెక్క దిమ్మెల మీదికెక్కించి, వెనక చక్రాలకి రాళ్లడ్డం పెట్టి, బాబాయి పాత చొక్కా తొడుక్కుని కారు కిందికి దూరాను. పిన్ని టార్చి పట్టుకుంది. బట్టలు నానబెట్టే బేసిను కూడా ఇచ్చింది (అది మళ్లీ బట్టలకి పనికిరాలేదు. పిన్ని ఆ మాట ఇప్పటికీ అంటుంది). గేరుబాక్సుకి రెండు నట్లుంటాయి. కింద నట్టు విప్పితే పాత నూనె దిగిపోతుంది, పక్క నట్టు విప్పి కొత్త నూనె పోయాలి. కింద నట్టు విప్పాను. నల్లగా కొంచెం నూనె కారి ఆగిపోయింది. కుళ్లిన కోడిగుడ్డు వాసన వీధి చివరిదాకా వెళ్లింది. ఇక పక్క నట్టు పట్టుకున్నాను. రాలేదు. రెంచి మీద కాలు వేసి తొక్కాను. రాలేదు. పిన్ని కూడా పట్టింది. ఊహూఁ.

అప్పుడు గుర్తొచ్చింది. 'పక్క నట్టు వస్తుందో లేదో చూసుకున్నాకే కింద నట్టు విప్పాలి' అని వీడియోలో మొదటి నిమిషంలోనే చెప్పారు. ఆ నిమిషం నేను దాటించేశాను. ఇప్పుడు కారు గేరుబాక్సులో చుక్క నూనె లేదు, పోయడానికి దారీ లేదు. పొద్దుటిదాకా ఏడుస్తూనైనా నడిచిన కారు ఇక నడవనే నడవదు. భీమవరం ఆయనకి చూపించడానికి కూడా పనికిరాదు. కారు కింద వెల్లకిలా పడుకునే, కళ్లనీళ్లు చెవుల్లోకి కారుతుంటే, "పిన్నీ, బాబాయితో చెప్పకే," అన్నాను.

"చెప్పనులే గానీ, ముందు డిపో మేస్త్రిగారికి కబురు చేస్తానుండు," అంది పిన్ని.

మేస్త్రిగారు బస్సు డిపోలో మెకానిక్కుగా చేసి రిటైరైనాయన. మా చర్చికే వస్తారు. సైకిలు స్టాండేసి, కళ్లజోడు తుడుచుకుని, ముందు బేసినులోకి చూశారు.

"ఇంతేనా అమ్మా వచ్చింది?"

"ఇంతేనండి."

"అర లీటరు కూడా లేదు కదమ్మా! రెండు లీటర్లకి పైన ఉండాలి. దాహమేసి ఏడుస్తోందండీ పాపం, పళ్లు అరిగి కాదు." తర్వాత నా డబ్బా మూత తీసి చూశారు. "ఇదెవరు కొన్నారండీ?"

నేను ఆకాశం వైపు చూశాను.

"పెద్ద బళ్లకి పనికొస్తదమ్మా. దీనికి పోస్తే పొద్దున్నే గేరు మార్చడానికి ఇద్దరు మనుషులు కావాలి. పుస్తకంలో ఏం రాశాడు?"

"ఏ పుస్తకమండీ?"

ఆయన కారు తలుపు తీసి, డాష్‌బోర్డు అరలోంచి ఒక చిన్న పుస్తకం తీశారు. ఏ పేజీ చూడాలో వేలు పెట్టి చూపించారు. నేను చదివాను. బాగా పల్చటి నూనె, ఏ రకం, ఎన్ని లీటర్లు, అన్నీ అచ్చులో ఉన్నాయి. ముందు రోజే తొమ్మిదో తరగతి మొత్తాన్ని, పుస్తకం తెరవకుండా పరీక్ష రాశారని నిలబెట్టి తిట్టాను. మేస్త్రిగారు ఆ సంగతి తెలియకపోయినా నా మొహం చూసి, "ఎవరూ చదవరులెండి, నేనూ డిపోలో చేరిన పదేళ్లకి చదివాను," అన్నారు. ఇంత మంచిమాట నాకెవరూ చెప్పలేదు.

కారు కిందున్న నల్లమరక చూసి, నూనె ఇన్నాళ్లూ ఎక్కడికి పోతోందో కూడా ఆయనే కనిపెట్టారు. నూనె కారకుండా ఆపే సీలొకటి పోయింది. నేను మళ్లీ షాపుకి వెళ్లి, డబ్బా మార్చుకుని, సీలు తీసుకున్నాను. షాపాయన నన్ను చూసి, "ఏ బండికి టీచర్ గారూ?" అన్నాడు. బండి పేరు, సంవత్సరం, పుస్తకంలో రాసిన రకం, అన్నీ వినయంగా అప్పజెప్పాను.

నేనొచ్చేసరికి మేస్త్రిగారు పక్క నట్టు చుట్టూ కిరసనాయిలు రాసి, చిన్న సుత్తితో తడుతున్నారు. పావుగంటకి రెంచి పెట్టి, "ఇప్పుడు మీరు తిప్పండమ్మా," అన్నారు. కిర్రుమని కదిలింది. సీలు వేసి, కింద నట్టు ఆయనే బిగించారు. దిమ్మెలు తీసి, కారుని నేల మీద సమంగా నిలబెట్టి, పక్క రంధ్రంలోంచి పొర్లేదాకా నూనె మాత్రం నేనే పోశాను.

సాయంత్రం బాబాయి వచ్చి స్టీరింగు పట్టుకున్నాడు. కాలువ గట్టు వెంట రెండో గేరు, మూడో గేరు, నాలుగో గేరు. చెవి పెట్టి వింటే మూడులో సన్నగా ఒక కూనిరాగం, అంతే. "అన్నాళ్లు ఎండిపోయి తిరిగింది కదండీ, ఆమాత్రం ఉంటది. ఏళ్ల తరబడి తిరుగుద్ది," అని మేస్త్రిగారు ముందే చెప్పారు. బాబాయి చాలాదూరం నడిపాడు. తర్వాత కారాపి, దిగి, అటువైపు వచ్చి కూర్చున్నాడు. నేను స్టీరింగు దగ్గరికి మారాను.

అసలు చిక్కు అక్కడ వచ్చింది. నేను డ్రైవింగు నేర్చుకున్నది ఆ మోత వింటూనే. మూలిగితే రెండు, ఏడిస్తే మూడు! ఇప్పుడేమో ఏ గేరులో ఉన్నానో నాకే తెలియడం లేదు. రైలు గేటు తీయగానే మూడో గేరులో బయల్దేరబోయి, పట్టాల ముందు ఇంజను ఆపేశాను. వెనక కొబ్బరికాయల ట్రాక్టరు హారను మోగించింది. బాబాయి కళ్లనీళ్లొచ్చేలా నవ్వి, "కారు బాగుపడిందే. ఇక నువ్వు బాగుపడాలి," అంటూనే ఫోను తీసి భీమవరం ఆయనకి చేశాడు. "లేదండి, అమ్మట్లేదండి. మా అమ్మాయి స్కూలుకి కావాలండి."

మర్నాడు ఆదివారం చర్చికి వెళ్లాను. ఆరుసార్లు సబ్బు రుద్దినా గోళ్లలో నలుపూ, ఒంటికి ఆ వాసనా వదల్లేదు. నేను బెంచీ మీద కూర్చోగానే పక్కావిడ జరిగారు. ఆమె పక్కావిడా జరిగారు. పాట అయ్యేసరికి బెంచీ సగం ఖాళీ. కారు బాగుచేసిన అమ్మాయని, గౌరవంగా చోటిస్తున్నారనుకున్నాను. నల్లటి గోళ్లు అందరికీ కనపడేలా పాటల పుస్తకం ఎత్తి పట్టుకుని, తల నిటారుగా పెట్టి, గట్టిగా పాడాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆ బెంచీ మీద అంత చోటు ఆక్రమించుకుని కూర్చున్న ఆ పిల్ల పక్కకెళ్లి, ముక్కు మూసుకునైనా సరే, కాసేపు కూర్చోవాలనిపిస్తుంది.