నూట నలభై గ్రాముల పట్టీ

తెగిన సేఫ్టీ బెల్టు కుట్టిపెట్టమని ఎవరైనా తెస్తే అరుణకుమారి కుట్టదు, కత్తిరిస్తుంది. ఉక్కు ప్లాంటు పక్క బస్తీ రుఆబాంధాలో ఠేకేదారుల కింద కాంట్రాక్టు కూలీలుగా పనిచేసే కుర్రాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. తెలిసినా తెస్తారు. ఠేకేదారు కొత్తది ఇవ్వడు, నడుముకి బెల్టు లేకపోతే గేటు దాటనివ్వరు, మరేం చేస్తారు? ఆవిడ బెల్టు చేతిలోకి తీసుకుని, దారాలు లేచిన చోట గోరుతో గీకి చూసి, ఎదుటివాడు నోరు తెరిచేలోపు పెద్ద కత్తెరతో కచక్కున రెండు ముక్కలు చేసి వాడి చేతిలోనే పెడుతుంది.

పదకొండేళ్ల కిందటి దాకా కుట్టేది. ఆఖరుసారి కుట్టింది మొగుడు అప్పలసూరి బెల్టు. అప్పలసూరి తండ్రి బొబ్బిలి నుంచి వచ్చి ప్లాంటులో పర్మనెంటు ఖలాసీగా రిటైరయ్యాడు. కొడుక్కి దొరికింది రోజు కూలి. ఒక్క తరంలో, ఒక్క ఇంట్లో జరిగిన ఈ అన్యాయానికి మనం మార్పు అని పేరు పెట్టుకున్నాం. ఊరవతల ఏదో ప్రైవేటు షెడ్డు కప్పు మీంచి అతను పడిపోయాడు. శవం ఇంటికి వచ్చింది. టిఫిన్ డబ్బా వచ్చింది. చెప్పులు కూడా వచ్చాయి. బెల్టు రాలేదు. పోలీసులు అడగలేదు, ఠేకేదారు చూపించలేదు. తెగింది తన కుట్టేనా, ఇంకేదైనానా? ఆ ప్రశ్న ఇప్పటికీ కుట్టుమిషను కింద, ఆవిడ పాదాల దగ్గర, పిల్లిలా పడుకునే ఉంటుంది.

తర్వాత జాకెట్లు కుట్టింది, స్కూలు యూనిఫారాలు కుట్టింది. కొండలెక్కేవాళ్ల సంచులు కుట్టడం కౌండిన్య వల్ల మొదలైంది. సెక్టర్ 4లో ఉండే ఒక ఆఫీసరు గారబ్బాయి. సెలవు దొరికితే హిమాలయాలకు పరిగెడతాడు. మోసే బరువు తగ్గాలని టూత్‌బ్రష్షును సగానికి కోసుకున్న మనిషి. చిరిగిన సంచి బాగుచేయించుకోవడానికి వచ్చి, ప్యారాచూట్ గుడ్డతో కొత్తదే కుట్టించుకున్నాడు. ఏటా డిసెంబరులో ‘ఈ ఏడు నాకు నచ్చిన తేలిక సామాను’ అని ఒక వీడియో పెడతాడు. కిలో కూడా లేని గుడారం, గుప్పిట్లో పట్టే పొయ్యి, గాలి ఊదుకునే పరుపు, వాటన్నిటికంటే పైన ఒక ఏడాది అరుణకుమారి సంచి. నాలుగు వందల ఎనభై గ్రాములు. ఇక నాగపూరు నుంచి, పూణే నుంచి ఆర్డర్లు.

ఆ సంచికి విడిగా ఒక నడుం పట్టీ ఉండేది. వెడల్పుగా, లోపల మెత్తపెట్టి, నారింజ రంగు నైలాను మీద ఆకుపచ్చ దారంతో కుట్టింది. ముందు పెద్ద ప్లాస్టిక్ క్లిప్పు. బరువు నూట నలభై గ్రాములు. గ్రాములు లెక్కపెట్టుకునేవాళ్లు ‘పట్టీ వద్దాంటీ, సంచి చాలు’ అనేవారు. ముందే కుట్టేసినవి తలుపు వెనక మేకుకి వేలాడుతూ ఉండిపోయాయి.

మార్చి నెలలో ఒక ఉదయం వాకిలి ఊడుస్తుంటే, వీధి చివరింటి బాలు సైకిలు మీద పోతూ పలకరించాడు.

“ఏటత్తా, ఇంకా ఎన్ని బెల్టులు కోసీసేవు?”

వారం కిందట వాడి బెల్టు కోసింది కూడా ఆవిడే. నవ్వబోయింది. వాడి చొక్కా గాలికి లేచింది. కింద నారింజ రంగు. దానికి ఒక తాడు, తాడు చివర ఇనుప కొక్కెం. సైకిలు మలుపు తిరిగిపోయింది.

చీపురు అక్కడే వదిలేసి లోపలికి పరిగెత్తింది. కూతురు ఛాయ కాలేజీకి జడ వేసుకుంటోంది.

“ఛాయా! మేకుకున్న పట్టీ బాలుగాడికి ఎవులిచ్చేరు?”

“నేనే ఇచ్చాను మా. బేకార్‌గా పడున్నాయి కదా.”

“దేనికని అడగలేదేటే?”

“గేట్ మీద చెకింగ్ ఉంటదంట. నడుముకి ఏదో ఒకటి కనిపిస్తే చాలంట. వాడిది నువ్వే కోసేశావు కదా! వాడేం పెట్టుకుంటాడు మరి?”

అరుణకుమారి ఫోను అందుకుంది. బాలుకి ఫోను చేస్తే స్విచాఫ్. పని చోటికి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు. ఈ వారం వాడు ఏ షెడ్డులో ఉన్నాడో వీధిలో నలుగుర్ని అడిగి కనుక్కునేసరికి గంట పోయింది. మేకు నుంచి ఇంకో పట్టీ లాగి, కత్తెర కొంగులో చుట్టుకుని, “బండి తియ్యి” అంది.

స్కూటీ వెనక కూర్చుని దారంతా పట్టీ క్లిప్పునే వేళ్లతో తడిమింది. నడిచేటప్పుడు సంచి ఊగకుండా ఆపడానికి పెట్టిన క్లిప్పు అది. దానికి తెలిసిన బరువు అంతే. అరవై కిలోల మనిషి జారితే? పదకొండేళ్లుగా తెలియని జవాబు ఈరోజు కళ్లముందు దొరుకుతుందేమో. ఈసారి అనుమానం కూడా ఉండదు. ఆకుపచ్చ దారం, తన కుట్టు, తన చెయ్యి. ఎర్రలైటు దగ్గర ఛాయ ఆపితే, “పోనీయే, పోనీ” అని కూతురి భుజం గిచ్చింది.

బాలు రంగులేస్తున్న షెడ్డు గేటు దగ్గర ముసలి గార్డు అడ్డం వచ్చాడు. “భీతర్ నై జా సకస్, దీదీ.” లోపలికి పోవడానికి లేదు. కటకటాల్లోంచి చూసింది. నలభై అడుగుల ఎత్తులో ఇనుప దూలం మీద బాలు. కొక్కెం పైన తగిలించి, రెండు చేతులూ వదిలేసి, ఒళ్లంతా వెనక్కి వాల్చి రంగు వేస్తున్నాడు. పట్టీని పూర్తిగా నమ్మాడు.

ఛాయ “బాలు భయ్...” అనబోయింది. తల్లి అరచెయ్యి ఆ పిల్ల నోరు మూసేసింది.

“ఎత్తు మీదున్నోణ్ని పిలవకూడదు. పేరు ఇంటే తిరుగుతాడు.” అప్పలసూరి చెప్పిన మాట.

గేటు దగ్గర ఆగిన ఆడవాళ్లను చూసి సూపర్వైజరు కృష్ణమోహన్ వచ్చాడు. విజయనగరం వైపు మనిషే.

“ఏటమ్మా నీ బాధ? బెల్టు ఉంది కదా ఆడికి.”

“అది బెల్టు కాదు బాబూ. సంచి పట్టీ. నేనే కుట్టేను.”

“నువ్వు కుట్టేవా? అయితే గట్టిగానే కుట్టుంటావులే.” పక్కనున్నవాళ్లు నవ్వారు.

అరుణకుమారి నవ్వలేదు, ఏడవలేదు. తెచ్చిన పట్టీని గేటు కమ్మీ చుట్టూ వేసి క్లిప్పు నొక్కింది. గేటు బయట దించి ఉన్న ఇరవై లీటర్ల రంగు బకెట్టును తాడుతో దానికి వేలాడదీసింది. ఆగింది.

“చూసేవా, ఆగింది కదేటి!” అన్నాడు కృష్ణమోహన్.

“మనిషి ఏలాడడు బాబూ. పడతాడు.”

బకెట్టును రెండు చేతులా గుండె దాకా ఎత్తింది. వదిలింది.

టప్పుమంది. క్లిప్పు ముక్క ఎటో ఎగిరిపోయింది. తెల్లరంగు కృష్ణమోహన్ బూట్ల మీద చిందింది. అతను బూట్లు చూసుకుని, మెల్లగా తల పైకెత్తి దూలం వైపు చూశాడు. “ఒరే బా...” అని గొంతెత్తబోయాడు.

“అరవకండి! ఎవుల్నేనా నిచ్చెనెక్కించండి. మెల్లగా.”

ఒక మేస్త్రీ ఎక్కాడు. అతను పైకి చేరేదాకా, బాలు మోచెయ్యి పట్టుకునేదాకా, వాడి కాలు నిచ్చెన మొదటి మెట్టు వెతుక్కునేదాకా అరుణకుమారి రెప్ప వెయ్యలేదు. ఒక మెట్టు మీద వాడి కాలు జారి మళ్లీ నిలదొక్కుకుంది. ఛాయ తల్లి చేతిని ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజు పగిలింది. వాడి పాదం నేలకు ఆనాక అరుణకుమారి ఒలికిన రంగు పక్కనే కూలబడిపోయింది.

బాలు గేటు దగ్గరకు మండిపడుతూ వచ్చాడు. “ఏటత్తా ఇది! నా హాజిరీ పోయింది ఈరోజు, కూలి రాదు!”

“పోనీరా.”

“నీకేటి, పోనీ అంటావు. ముందుదీ కోసీసేవు, ఇదీ కోసీస్తావు. నడుముకి ఏటి కట్టుకోమంటావు, నీ కొంగా?”

ఆవిడ కూర్చున్నచోటి నుంచే చెయ్యి చాచి, కటకటాల్లోంచి వాడి నడుము మీది పట్టీని కోసేసింది. ఇన్నేళ్లూ బెల్టు కోసి పంపించేసిన కుర్రాళ్లు ఆ మర్నాడు ఏం కట్టుకుని ఎక్కారో తను ఎప్పుడైనా అడిగిందా? ఆ మాట అప్పుడు తట్టింది.

అప్పుడు ముసలి గార్డు ఎటో చూస్తూ గొణిగాడు. “అల్మారీ మ హే, నవా. సాహబ్ మన్ ఆథే తబ్ నికాల్థే.” కొత్తవి బీరువాలోనే ఉన్నాయట. పెద్దసార్లు తనిఖీకి వచ్చిన రోజు తీస్తారట.

కృష్ణమోహన్ గార్డు వైపు గుర్రుగా చూశాడు. కానీ ఛాయ ఫోను పైకెత్తి అంతా వీడియో తీస్తోంది. తాళంచెవి జేబులోంచి బయటికి వచ్చింది. ప్లాస్టిక్ కవరు కూడా విప్పని బెల్టు, భుజాలకూ తొడలకూ పట్టీలున్నది, బాలు వేసుకున్నాడు. “అబ్బ, ఎంత బరువుందో” అని విసుక్కున్నాడు.

ఇంటికి వచ్చాక అరుణకుమారి మేకుకున్న పట్టీలన్నీ ముక్కలు చేసింది. చేస్తూ చేస్తూ ఆగి అడిగింది. “ఇంకెవులికైనా ఇచ్చేవా?”

ఛాయ కింద పడ్డ ముక్కలు ఏరుతూ చెప్పింది. “ఇంకొకతను మా. బెల్టు కుట్టించుకోడానికి చరోదా ఊరి నుంచి వచ్చాడు. నువ్వు ఇంట్లో లేవు. పేరు అడగలేదు.”

ఇప్పుడు ఆవిడ కుట్టే సంచులకు పట్టీ ఊడిరాదు. సంచితో కలిపి నాలుగు వరసల కుట్టు. ఆరు వందల ఇరవై గ్రాములు. డిసెంబరులో కౌండిన్య వచ్చి తూకం వేసి నిట్టూర్చాడు.

“ఆంటీ, ఊడొచ్చేలా పెట్టండి, ప్లీజ్. ఇంత బరువైతే ఈసారి లిస్టులో పెట్టలేను.”

“పెట్టకు బాబూ.”

పెట్టలేదు. ఆర్డర్లు తగ్గాయి, మళ్లీ యూనిఫారాలు కుడుతోంది. బెల్టు తెచ్చినవాడిని ఇప్పుడు కూడా ఉత్తచేతులతోనే పంపుతుంది కానీ, వాడి వెంట గేటు దాకా తనూ వెళ్లి బీరువా తెరవమంటుంది. కొన్ని గేట్ల దగ్గర తెరుస్తారు. కొన్నిచోట్ల గెంటేస్తారు.

వారానికి రెండు ఉదయాలు చరోదా రోడ్డు పక్కన నిలబడుతుంది. పనికి పోయే సైకిళ్లు వరసగా పోతుంటే మొహాలు చూడదు, నడుములు చూస్తుంది. నిన్న ఒకడి చొక్కా కింద నారింజ రంగు కనపడితే లారీకి అడ్డంపడి మరీ పరిగెత్తి సైకిలు పట్టుకుంది.

పట్టీ కాదు. నడుముకి చుట్టుకున్న తువ్వాలు, గంఛా.